కట్టు కట్టిన చెయ్యి

నార్తాంప్టన్, ఇంగ్లండ్. ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. ఇంటి ముందుగది.

“ఇరవై నిమిషాలన్నారు. గంట క్రితం కూడా ఇరవై నిమిషాలే అన్నారు.”

“ఇప్పుడు నిజంగానే ఇరవై నిమిషాలు రోజా. అదిగో, కింద టైము కనపడుతోందిగా.”

“నాకు కనపడేది సోఫా. అది గోడ దాకా జరగాలి. ముప్పై మంది వస్తారు. కుర్చీలు ఇంకా గరాజ్‌లోనే ఉన్నాయి. ఐదింటికి ఇంట్లో ప్రార్థన పెట్టుకుని మీరేమో జపాను వాళ్ళు నరుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నారు.”

“నరుక్కోవడం అయిపోయింది. ఇక అన్నీ మాటలే.”

“డాడీ, నువ్వు ఈ సినిమా నైన్ టైమ్స్ చూశావు. ఐ కౌంటెడ్.”

“హెప్సీ, నువ్వు సమోసాలు ఓవెన్లో పెట్టావా?”

“పెట్టేశా. పలావు కింద స్టవ్ కూడా ఆపేశా. సోఫా పడతానంటే మమ్మీ పట్టనివ్వట్లేదు. నీతోనే పట్టించాలట.”

“సరే, ఆపేశాను. చాలా? పట్టు, అటు పట్టు.”

“ఎందుకు ఆపారు?”

“నువ్వేగా ఇందాకట్నుంచి...”

“ఇరవై నిమిషాలేగా. చూడండి. ఇవాళ ఆఖరిదాకా చూడండి.”

“ఏంటి నీ గొడవ? చూస్తే తప్పు, ఆపితే తప్పు!”

“తొమ్మిదిసార్లు చూశారు. తొమ్మిదిసార్లూ ఇక్కడే ఆపారు. ఆ పిల్ల వానలో వచ్చి తలుపు కొడుతుంది. ఆ గొడుగులు బాగుచేసే ఆయన తలుపు తీస్తాడు. సరిగ్గా అప్పుడే మీకు బాత్రూమ్ గుర్తొస్తుంది.”

“క్లైమాక్స్ బాగోదు.”

“చూడకుండా ఎలా తెలుసు?”

“ఎవరో చెప్పారు.”

“ఎవరు?”

“ఎవరో ఒకరు. ఏంటి రోజా, వార్డులో డాక్టర్ల మీద కోపం ఇంటికి తెచ్చావా?”

“హెప్సీ, నాకీ కథ సరిగ్గా తెలీదు. వంటింట్లోంచి ముక్కలు ముక్కలుగా చూడ్డమే. నువ్వు చెప్పు. మీ డాడీ కూడా వింటారు.”

“ఆయన ఒకప్పుడు సామురాయ్ మమ్మీ. ఒక మనిషిని చంపేశాడు. ఆ తర్వాత కత్తి వదిలేసి ఊరూరా తిరిగి గొడుగులు రిపేర్ చేస్తుంటాడు. వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఆ స్టోరీ చెప్తాడు. ఆ చనిపోయినాయన చివర్లో నవ్వి, నిన్ను క్షమించాను అన్నాడని. అందరూ ఏడ్చి ఆయనకి అన్నం పెడతారు. ఆ డోర్ దగ్గర నిలబడిన అమ్మాయి, చనిపోయినాయన డాటర్.”

“ఓహో. ప్రతి ఊళ్ళో చెప్తాడా?”

“రోజా, కుర్చీలు నేను తెస్తాను.”

“కూర్చోండి. ఇంతకీ ఇవాళ సాక్ష్యం చెప్పేది మీరేగా?”

“తెలిసే అడుగుతావేం? వచ్చే నెల నన్ను చర్చిలో సంఘ పెద్దగా పెట్టబోతున్నారు. దానికి ముందు ఒకసారి, దేవుడు నన్నెలా మార్చాడో అందరూ నా సాక్ష్యం వింటే బాగుంటుందన్నారు పాస్టర్ గారు.”

“వినని వాళ్ళెవరున్నారు? ఇల్ఫర్డ్‌లో చెప్పారు, లీడ్స్‌లో చెప్పారు. ఇల్ఫర్డ్‌లో కత్తి మూరెడు. లీడ్స్ వెళ్ళేసరికి రెండు మూరలైంది. ఇవాళ ఆ టీవీలో వాడి కత్తంత చేస్తారేమో.”

“ఎగతాళి చెయ్యకు. అది దేవుడి పని.”

“కొబ్బరిబోండాలు కొట్టే కత్తండీ అది. చీరాల రైల్వేగేటు పక్కన బోండాల బండి మీంచి లాక్కుని పరిగెత్తారు. పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు.”

“కత్తి ఏదైతేనేం? కాలేజీ గొడవల్లో ఒకణ్ణి కొట్టబోయి అమాయకుణ్ణి నరికాను. అదేమన్నా దాచానా? పదిమందిలో నిలబడి చెప్తున్నాను. అసలు విషయం కత్తి కాదు, మారుమనస్సు.”

“సరే, అసలు విషయానికే వద్దాం. కట్టు ఏ చేతికి ఉంది?”

“ఏంటి?”

“ఆస్పత్రిలో. మీరు వెళ్ళి టైలర్ ఏసోబు గారి కాళ్ళ మీద పడ్డారు. ఆయన కట్టు కట్టిన చెయ్యి మీ తల మీద పెట్టి ప్రార్థన చేశారు. ఏ చెయ్యి?”

“ఎడమ... ఎడమ చెయ్యి.”

“ఇల్ఫర్డ్‌లోనూ ఎడమే అన్నారు. లీడ్స్‌లో కుడి అన్నారు.”

“ఇరవై ఎనిమిదేళ్ళ నాటి మాట. కుడైతేనేం, ఎడమైతేనేం?”

“ఆయన టైలరండీ. కత్తెర పట్టుకునే చెయ్యి ఏదో, పట్టుకోనిది ఏదో, నరికినవాడికి గుర్తుండదా?”

“మమ్మీ, స్టాప్ ఇట్. గెస్టులొచ్చే టైముకి ఇదంతా ఏంటి?”

“గెస్టులొస్తున్నారు కాబట్టే. కొత్తగా ఇద్దరు వస్తున్నారు. మా వార్డులో కొత్తమ్మాయి చేరిందని చెప్పానా? సలోమి. కేర్ అసిస్టెంటు. డ్యూటీల రోటాలో నాతోనే పడుతోంది.”

“చెప్పలేదు.”

“ఏ ఊరమ్మాయో అడగరా? తెలుగువాళ్ళు కనపడితే ముందు మీరడిగేది అదేగా.”

“ఏ ఊరు?”

“చీరాల.”

“చీరాల పెద్ద ఊరు.”

“చిన్న ఊరని నేననలేదే. వాళ్ళ నాన్న ఏం చేసేవారో కూడా అడగండి.”

“హెప్సీ, సమోసాలు చూడమ్మా. మాడు వాసనొస్తోంది.”

“ఏ వాసనా లేదు డాడీ.”

“టైలరు. ఒకప్పుడు. మూడు వేళ్ళు పోయాక మిషను ఇచ్చేసి, స్కూల్లో గంట కొట్టే పనికి కుదిరారట. ఎడమ చేత్తో. కుడి చేత్తో తాడు పట్టు దొరకదట.”

“ఆగు.”

“లీడ్స్‌లో మీరు చెప్పిన వీడియో ఆ పిల్లకి ఎవరో పంపారు. ఊరి పేరు, మనిషి పేరు, అన్నీ చెప్పారుగా అందులో. పేర్లు చెప్తేనే సాక్ష్యానికి బలం కదా. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి చూపించింది. ఇన్నేళ్ళ నుంచీ తన వేళ్ళు ఎవరు తీశారో ఆయనకి తెలీదటండీ. కరెంటు పోయింది, షట్టరు దించుతున్నారు, ఎవడో కొట్టి పారిపోయాడు. ఆయనకి తెలిసింది అంతే. ఆ ఎవడో మీరని వీడియో చూశాకే తెలిసింది. తను మిమ్మల్ని క్షమించిన సంగతి కూడా అందులో చూశాకే తెలిసింది.”

“రోజా...”

“తను ఏడ్చాడని. మీ తల మీద చెయ్యి పెట్టాడని. దిండు కింద నుంచి బైబిల్ తీసి కీర్తన చదివాడని. ఆయనకి చదువు రాదట.”

“డాడీ? దట్స్ నాట్ ట్రూ, కదా? నువ్వు హాస్పిటల్‌కి వెళ్ళావు కదా?”

“వెళ్ళాను.”

“డాడీ, నా వైపు చూడు.”

“వెళ్ళానమ్మా. గేటు దాకా వెళ్ళాను. అరడజను బత్తాయిలు కూడా కొన్నాను. మెట్ల మీద ఆయన భార్య కూర్చునుంది. ఆయన చొక్కా ఉతికి, ఆరెయ్యడానికి చోటు లేక ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. మరక పోలేదు. నేను వెనక్కి తిరిగేశాను. బస్టాండులో కూర్చుని ఆ బత్తాయిలు నేనే తిన్నాను. ఆరూ తిన్నాను.”

“ఈ ముక్క ఏ సాక్ష్యంలోనూ రాలేదే?”

“దీంట్లో సాక్ష్యం ఏముంది? చివర మిగిలింది బత్తాయి తొక్కలు. మొదటిసారి బాపట్ల ప్రార్థన కూటాల్లో నిజమే చెప్పాను రోజా. ఆయన్ని ఇంకా కలవలేదు, వెళ్తాను, క్షమాపణ అడుగుతాను అన్నాను. జనం నన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరు కూడా స్తోత్రం అనలేదు. ఆ తర్వాత అప్పటి పాస్టర్ గారు పక్కకి పిలిచి, సాక్ష్యం సగంలో వదిలేస్తే ఎలా బ్రదర్, విన్నవాళ్ళు ఏం పట్టుకుని ఇంటికెళ్ళాలి అన్నారు. రెండోసారి, వెళ్ళొచ్చాను అని చెప్పాను. మూడోసారికి ఆయన ఏడ్చాడు. చెయ్యి ఎప్పుడొచ్చి చేరిందో నాకే గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. ఒంగోలులో. మా నాన్న మూడో వరసలో ఉన్నాడు. ఆ చెయ్యి దగ్గరే కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, అంత క్షమాపణ పొందినవాడు నా కూతుర్ని కష్టపెట్టడే అన్నాడు. మిమ్మల్ని చూసి నన్నిచ్చాడనుకుంటున్నారా? ఆ చేతిని చూసి ఇచ్చాడు.”

“నిన్ను కష్టపెట్టానా?”

“మాట మార్చకండి.”

“మార్చట్లేదు, అడుగుతున్నాను. ఒక్కరోజు తాగి వచ్చానా? నీ మీద చెయ్యెత్తానా? ఆ అబద్ధం చెప్పాకే నేను మనిషినయ్యాను రోజా. అంత పెద్ద మనసుతో క్షమించారని పదిమందికీ చెప్పుకున్నాక మళ్ళీ వెధవపని చెయ్యాలంటే సిగ్గేసేది.”

“మీకు పనికొచ్చింది. బాగుంది. ఆయనకేం పనికొచ్చింది?”

“దేవుడు నన్ను క్షమించాడు. అది మాత్రం అబద్ధం కాదు.”

“దేవుడి మాట నేనడగట్లేదు. ఏసోబు గారి మాట అడుగుతున్నాను. వేళ్ళు తీసింది చాలక ఆయన నోట్లో మాటలు పెట్టారు. ఆ మాటల మీద పెళ్ళి చేసుకున్నారు, పేరు తెచ్చుకున్నారు, ఇప్పుడు సంఘ పెద్ద కూడా అవబోతున్నారు.”

“నేను ఆ చెయ్యి బొమ్మ వేశాను.”

“హెప్సీ, నువ్వు ఇందులో...”

“ఇయర్ టూలో, ఆరేళ్ళప్పుడు. సండేస్కూల్లో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఇప్పటికీ మన ఫ్రిజ్ మీదే ఉంది. డాడీ తల, దాని మీద చెయ్యి. బ్యాండేజ్ తెల్ల క్రేయాన్‌తో వేసి, అందులోంచి వేళ్ళు బయటికి వేశాను. ఐదు వేళ్ళు డాడీ. నువ్వు చూసి బ్యూటిఫుల్ అన్నావు. మూడు వేళ్ళు లేవని నీకు తెలుసు కదా? నీకొక్కడికే కరెక్ట్‌గా తెలియాలి కదా?”

“చిన్నపిల్లవి. ఎలా చెప్పను?”

“మమ్మీ నర్స్. మమ్మీ కూడా లెక్కపెట్టలేదు.”

“ఆ బొమ్మ తీసెయ్యి హెప్సీ. వాళ్ళొచ్చేలోపు తీసెయ్యి.”

“వాళ్ళంటే ఎవరు?”

“ఇద్దరొస్తున్నారని చెప్పానుగా. సలోమి, వాళ్ళ నాన్న. మనవణ్ణి చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చారు. మూడు వారాలైంది.”

“ఎవరు? ఏసోబు గారా? ఈ ఊళ్ళో ఉన్నారా?”

“బస్సెక్కితే పావుగంట.”

“నువ్వు రమ్మన్నావా? మన ఇంటికి? ఇవాళ? నా పరువు తియ్యడానికి మనిషిని పిలిపించుకున్నావా?”

“నేను పిలవలేదు. ఆయనే అడిగించారు. టీ బ్రేకులో సలోమి నా పక్కన కూర్చుని, సిస్టర్, ఆనందకుమార్ గారు మీ ఆయనేగా అంది. అవునన్నాను. నాన్న ఆయన సాక్ష్యం ఎదురుగా కూర్చుని వింటారట, తీసుకురావచ్చా అంది. రావద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

“కోపంగా ఉన్నారా?”

“తెలీదు. ఫోన్ ఆయన దగ్గరే పెట్టుకున్నారట. చివరి ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటున్నారట. తనేం అన్నాడో వింటున్నారు.”

“పాస్టర్ గారికి ఫోన్ చెయ్యి. నాకు జ్వరమని చెప్పు. వామిటింగ్స్ అని చెప్పు, ఎవరూ రారు.”

“మీరే చెయ్యండి.”

“నువ్వు నర్సువి. నీ మాటైతే నమ్ముతారు.”

“అవును. నా మాటైతే నమ్ముతారు.”

“అలా నిలబడి చూస్తావేం? చెయ్యి రోజా! ఇరవై మూడేళ్ళ కాపురం. ఒక్క ఫోన్ చెయ్యలేవా నా కోసం?”

“డాడీ, కూర్చో. నేను సినిమా పెడుతున్నా.”

“ఇప్పుడా? నీకు మతిపోయిందా?”

“టెన్త్ టైమ్. ఈసారి బాత్రూమ్ లేదు. కూర్చో.”

“ఆ పిల్ల ఏదో అంటోంది. కళ్ళజోడు లేదు నాకు.”

“‘నువ్వు చెప్పే కథ మూడు ఊళ్ళలో విన్నాను’ అంటోంది.”

“ఊఁ.”

“‘మా నాన్న నిజంగా నవ్వాడా?’”

“వాడేమంటాడు?”

“ఏమీ అనడు. టోపీ తీసి పక్కన పెడతాడు. అదిగో.”

“ఆ పిల్ల కత్తి తీస్తుందా?”

“తన దగ్గర కత్తి లేదు డాడీ. గొడుగు ఉంది.”

“తర్వాత?”

“తర్వాత వాన. ఇద్దరూ అలాగే కూర్చుంటారు. అంతే, పేర్లు పడతాయి.”

“చెప్పడా? నవ్వాడో లేదో చెప్పడా? ఆ పిల్ల నరికేస్తుందనుకున్నాను నేను. అది చూడలేకే ప్రతిసారీ ఆపేశాను.”

“నరికితే మీకు తేలికయ్యేది.”

“నేనూ అలాగే చేస్తాను రోజా. వాళ్ళొస్తారు. నేను ఏమీ మాట్లాడను. ఆయన ఎదురుగా తల దించుకుని కూర్చుంటాను. పెద్దమనిషి, అర్థం చేసుకుంటారు.”

“వాడికి జపానులో వాన పడింది కాబట్టి సరిపోయింది. మనింట్లో ముప్పై మంది ఉంటారు, మధ్యలో సమోసాల ట్రే తిరుగుతుంటుంది. మీరు తల దించుకుంటే బ్రదర్ గారు కదిలిపోయారని అందరూ స్తోత్రం చెప్తారు. ఆయన పేరు మీద ఇంకో అబద్ధం. ఈసారి మాట కూడా అక్కర్లేదు.”

“మరేం చెయ్యమంటావు? నువ్వే చెప్పు. ముప్పై మందిలో నిలబడి, నేను అబద్ధాలకోరునని చెప్పనా? పిల్లలు ఎక్కడ తలెత్తుకుంటారు?”

“నా పేరు చెప్పకు డాడీ. నేను బాగానే ఎత్తుకుంటాను.”

“నాలుగు దాటింది. సోఫా పట్టండి. హెప్సీ, ఆ మూల పట్టు.”

“మమ్మీ, ఒకటి అడగనా?”

“ముందు పట్టు.”

“కుడి, ఎడమ. అది సలోమి చెప్పాక కనిపెట్టావా?”

“నెమ్మది, గోడకి తగులుతుంది.”

“లీడ్స్ వీడియోలో నువ్వు డాడీ పక్కనే ఉన్నావు. డాడీ ‘కుడి చెయ్యి’ అనగానే కళ్ళు గట్టిగా మూసుకున్నావు. ప్రేయర్ చేస్తున్నావనుకున్నా. అప్పటికి సలోమి మీ వార్డులో చేరనేలేదు.”

“కుర్చీలు తీసుకురా హెప్సీ. ఆరు చాలు ముందు.”

“ఎప్పటి నుంచి తెలుసు మమ్మీ?”

“రోజా, పిల్ల ఏదో అడుగుతోంది.”

“వినపడింది.”

“మరి చెప్పవేం? ఇందాకట్నుంచి నన్ను నిలబెట్టి కడుగుతున్నావుగా. ఎప్పటి నుంచి?”

“మీ అన్నయ్య జోనాథన్‌కి ఫోన్ కలుపు హెప్సీ. స్పీకర్లో పెట్టు. నలుగురం ఉండగా ఒక్కసారే చెప్తాను. రెండోసారి చెప్తే నా మాట కూడా మారిపోతుందేమో.”

“హాయ్ మమ్మీ, లైబ్రరీలో ఉన్నా. ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?”

“బయటికొచ్చి విను నాన్నా. అందరం ఇక్కడే ఉన్నాం. ఇవాళ ప్రార్థనలో ముందు సాక్ష్యం చెప్పేది డాడీ కాదు, నేను.”

“నువ్వా? నువ్వేం చెప్తావు రోజా?”

“మీ సంగతి చెప్పను. అది నా తర్వాత లేచి మీరే చెప్పుకోండి, చెప్పగలిగితే. నా సంగతి చెప్తాను. పెళ్ళైన ఏడాదే, అన్నం వడ్డిస్తూ, కట్టు ఏ చేతికండీ అని అడిగాను. మీరు మీ రెండు చేతులూ ఒకసారి చూసుకున్నారు. నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, మీరు ఎక్కడ చెప్పినా, అందరికంటే ముందు ఆమెన్ అన్నది నేనే.”